శతక వ్యాఖ్యానానికి ఫార్మాటింగ్ అంతా చేత్తో చేయకుండా ఉండే దారి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ మామయ్యగారు 108 పద్యాల శతకానికి వ్యాఖ్యానం రాశారు. ప్రతి పద్యానికీ సంఖ్య పేజీ మధ్యలో ఉండాలి, ఛందస్సు గుర్తు బోల్డులో ఉండాలి, పాదాలు కాస్త లోపలికి జరగాలి, ప్రతిపదార్థంలో మూలపదాలు బోల్డులో రావాలి, తాత్పర్యం ఒక పాయింటు చిన్నగా కనిపించాలి. లిబ్రెఆఫీస్ రైటర్‌లో (వర్డ్ లాంటి ఉచిత ప్రోగ్రాం) మీరు ఒక్కొక్క పద్యం దగ్గరా ఇవన్నీ మౌస్‌తో చేసుకుంటూ ఇరవయ్యో పద్యం దగ్గర విసిగిపోయారు. దీనికి మ్యాక్రో, అంటే ఒకసారి చేసిన పనుల వరుసను మళ్లీ తనంతట తానే చేసేది, ఏదైనా ఉందా అని అడుగుతున్నారు.

ఉంది. కానీ అది చివరి మెట్టు. నేను ఇంట్లోనే డీటీపీ పని చేస్తాను. రిటైరైన మాస్టార్ల పద్యాల పుస్తకాలే ఎక్కువగా వస్తాయి, కాబట్టి మీ బాధ నాకు కొత్త కాదు. ఆ ఫైళ్లలో అసలు చిక్కు ఫార్మాటింగ్ కాదు. ఏది పద్యమో, ఏది తాత్పర్యమో మనకు చూడగానే తెలుస్తుంది, కంప్యూటర్‌కు తెలియదు. దానికి కనిపించేవి ఎంటర్లు, స్పేసులు, అక్కడక్కడా బోల్డు, అంతే. ఏది ఏమిటో దానికి తెలిసేలా చేస్తే తక్కిన పని ఒక్క పూటది.

అందుకు వాడేవి స్టైళ్లు, అంటే ఫాంటు, సైజు, ఇండెంటు వంటివన్నీ ఒక పేరు కింద కట్టగట్టి పెట్టుకునేవి. ముందు తెలుగుకు సంబంధించిన ఒక సెట్టింగు చూసుకోండి. దీన్ని పట్టించుకోక ‘స్టైలు మార్చినా తెలుగు అక్షరం మారడం లేదు’ అని తల పట్టుకునేవాళ్లే ఎక్కువ. రైటర్ లెక్కలో ఇంగ్లీషుకు ఒక ఫాంటు, తెలుగు, హిందీ, అరబిక్ వంటి లిపులకు వేరొక ఫాంటు ఉంటాయి. ఈ రెండో రకాన్ని అది కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అంటుంది. టూల్స్, ఆప్షన్స్‌లోకి వెళ్లి భాషల విభాగంలో దానికి టిక్కు పెట్టండి. అప్పుడు ప్రతి స్టైలులోనూ ఫాంటు పేరు, సైజు, బోల్డు రెండేసి చోట్ల కనిపిస్తాయి. వెస్టర్న్ గడిలో ఎంత మార్చినా తెలుగు అక్షరం కదలదు. రెండు గడుల్లోనూ ఒకే తెలుగు ఫాంటు, ఒకే సైజు పెట్టేయడం నా అలవాటు. లేకపోతే అంకెలూ కామాలూ పక్కనున్న అక్షరాన్ని బట్టి ఒక చోట ఒక ఫాంటులో, మరో చోట మరో ఫాంటులో వచ్చి పేజీ గతుకులుగా కనిపిస్తుంది.

తరవాత ఎఫ్11 నొక్కి స్టైళ్ల పట్టీ తెరిచి నాలుగు పేరాగ్రాఫ్ స్టైళ్లు చేసుకోండి: పద్యసంఖ్య, పద్యపాదం, ప్రతిపదార్థం, తాత్పర్యం. వీటితోపాటు ‘మూలపదం’ అని ఒక క్యారెక్టర్ స్టైలు కూడా కావాలి, అందులో బోల్డు తప్ప ఏమీ ఉండదు. పేర్లు తెలుగులో పెట్టినా ఇబ్బంది లేదు.

వీటిలో పద్యపాదం ఒక్కదాని మీద కొంచెం శ్రద్ధ పెట్టాలి. మామయ్యగారు ప్రతి పాదం చివరా ఎంటర్ కొట్టి ఉంటారు, అందరూ అంతే చేస్తారు. అంటే నాలుగు పాదాల పద్యం కంప్యూటర్ దృష్టిలో నాలుగు పేరాలు. వాటిని ఒకే పేరాగా కలిపే ప్రయత్నం చేయకండి, వృథా శ్రమ. స్టైలులో పేరా కింద 0.3 సెంటీమీటర్ల ఖాళీ ఇచ్చి, ‘ఒకే స్టైలు పేరాల మధ్య ఖాళీ వద్దు’ అనే అర్థం వచ్చే గడికి టిక్కు పెట్టండి. పాదాలు ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి, నాలుగో పాదం తరవాత మాత్రమే ఖాళీ వస్తుంది. అదే స్టైలులో టెక్స్ట్ ఫ్లో అనే ట్యాబులో ‘తరవాతి పేరాతో కలిపి ఉంచు’ అనేది కూడా ఎంచుకోండి. మూడు పాదాలు ఈ పేజీలో, నాలుగోది అవతలి పేజీలో పడే అన్యాయం తప్పుతుంది. పద్యసంఖ్యకూ ఇదే పెట్టండి, లేకుంటే పేజీ అడుగున అంకె ఒక్కటే మిగిలిపోతుంది.

ఇక శుభ్రం చేయడం. ఫైలు కాపీ తీసుకుని ఆ కాపీ మీదే పని చేయండి. ముందుమాట, అభిప్రాయాలు, అంకితం వగైరా వేరే ఫైలులోకి తీసేయండి, వాటి లెక్క వేరు. మామయ్యగారు కావాలని బోల్డు చేసిన మాటలేమైనా ఉంటే వాటి చుట్టూ ※ వంటి గుర్తు ముందే పెట్టుకోండి. ఆ తరవాత అంతా ఎంపిక చేసి కంట్రోల్, ఎం నొక్కితే చేత్తో చేసిన ఫార్మాటింగ్ పోతుంది. ఇరవై పద్యాలకు పడిన శ్రమ పోతుందని మనసు ఒప్పదు, అయినా పోనివ్వండి.

కంట్రోల్, హెచ్ నొక్కి ఫైండ్ అండ్ రీప్లేస్ తెరిచి, అదనపు ఆప్షన్లలో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్‌కు (మాటకు బదులు గుర్తులతో నమూనా రాసి వెతికే పద్ధతి) టిక్కు పెట్టండి. ఇక్కడినుంచి అన్నీ దానితోనే. పేరా మొదట్లో ఉన్న స్పేసులకు (పద్యాన్ని మధ్యకు తేవడానికి స్పేసుబార్ కొట్టినవారికి వందనాలు) ఈ కింది వరుసలో మొదటిది, పేరా చివరి స్పేసులకు రెండోది, ఖాళీ పేరాలకు మూడోది. రీప్లేస్ గడి ఖాళీగా వదిలేయండి.

^ +
 +$
^$

రెండోదానిలో ప్లస్ గుర్తుకు ముందు ఒక స్పేసు ఉంది, గమనించండి. వరుస కూడా ఇదే ఉండాలి. స్పేసులు మాత్రమే ఉన్న పేరా మన కంటికి ఖాళీయే గానీ కంప్యూటర్‌కు కాదు, అందుకే స్పేసులు ముందు పోవాలి. ట్యాబులు కూడా కొట్టి ఉంటే వాటినీ ఇప్పుడే తీసేయండి.

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. తాత్పర్యం అన్న మాటనే ఒక రచయిత ఎన్ని రకాలుగా రాస్తారో ఒకసారి వెతికి చూడండి. నా చేతికి వచ్చిన ఒక వ్యాఖ్యానంలో ‘తా:’, ‘తా.’, ‘తాత్పర్యం -’, ‘తాత్పర్యము:’, ‘భావం:’ అన్నీ ఉన్నాయి. కొన్నిచోట్ల రెండు చుక్కల బదులు విసర్గ కూడా పడింది, కంటికి తేడా తెలియదు. వీటన్నిటినీ ఒకే గుర్తుకు తేవాలి. ఫైండ్ గడిలో ఇది పెట్టండి:

^(తా|తాత్పర్యం|తాత్పర్యము|భావం) *[.:ః-]+ *

రీప్లేస్ గడిలో ‘తా:’ అని రాసి దాని తరవాత ఒక స్పేసు. మొదటి ^ గుర్తు వల్ల ఇది పేరా ఆరంభంలోనే వెతుకుతుంది. బ్రాకెట్లలో నిలువు గీతలు ‘ఇదో, అదో’ అని చెబుతున్నాయి. ఆ తరవాత చుక్కో, విసర్గో, అడ్డగీతో ఏదో ఒకటి ఉండి తీరాలి కాబట్టి ‘తాను’, ‘తామర’ వంటి మాటలతో మొదలయ్యే పేరాల జోలికి ఇది పోదు. ‘ప్ర.’, ‘ప్రతిపదార్థం:’, ‘టీక:’ వంటివాటికీ ఇలాగే రాసుకుని అన్నిటినీ ‘ప్ర:’ చేయండి.

విసర్గ మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. ‘దుఃఖం’ అని ఉండాల్సిన చోట ‘దు:ఖం’ అని రెండు చుక్కలు కొట్టడం మనవాళ్లకు బాగా అలవాటు. హల్లుకు ఆనుకుని వచ్చే రెండు చుక్కలను విసర్గగా మార్చడానికి ఫైండ్‌లో :([క-హ]) అనీ, రీప్లేస్‌లో ః$1 అనీ పెట్టండి. అయితే దీన్ని పై పని పూర్తయ్యాకే చేయాలి. ముందే చేస్తే ‘తా:కరి’ అని స్పేసు లేకుండా కొట్టిన చోటల్లా మీ గుర్తు కూడా విసర్గగా మారిపోతుంది. అప్పుడు కూడా ‘రీప్లేస్ ఆల్’ వద్దు, ఒక్కొక్కటీ చూస్తూ నొక్కండి. ‘ఉదా:రాముడు’ వంటివి ఎక్కడో ఒకచోట దాక్కుని ఉంటాయి.

ఇప్పుడు స్టైళ్లు తగిలించాలి. పద్యపాదాలను పట్టుకోవడానికి ఏ నమూనా రాయాలా అని అందరూ తంటాలు పడతారు. మొదటి పాదానికి ‘కం.’, ‘ఆ.వె.’ అని గుర్తు ఉంటుంది గానీ తక్కిన మూడింటికీ ఏ ఆనవాలూ ఉండదు కదా. అందుకని వాటిని పట్టుకోకండి, మిగల్చండి. మొత్తం ఫైలు ఎంపిక చేసి అంతటికీ పద్యపాదం స్టైలు ఇచ్చేయండి. తరవాత ^తా: అని వెతికి ‘ఫైండ్ ఆల్’ నొక్కండి. తాత్పర్యాల గుర్తులన్నీ ఒకేసారి ఎంపికవుతాయి. ఆ ఎంపిక చెదరకుండా పక్క పట్టీలో తాత్పర్యం స్టైలు మీద రెండుసార్లు నొక్కితే ఆ పేరాలన్నీ మారిపోతాయి. ^ప్ర: కు ప్రతిపదార్థం. సంఖ్య వేరే వరుసలో ఒంటరిగా ఉంటే:

^[0-9౦-౯]+\.?$

తెలుగు అంకెలు వాడినా పట్టుకుంటుంది. దానికి పద్యసంఖ్య స్టైలు ఇవ్వండి. ఈ మూడూ పోగా మిగిలిందే పద్యం. తాత్పర్యం ఎక్కడైనా రెండు పేరాలుగా ఉంటే రెండో పేరా కూడా పద్యంలా కనిపిస్తుంది. ఒకసారి పేజీలు తిప్పితే చాలు, అంత వచనం పద్యం వేషంలో ఉండటం కొట్టొచ్చినట్లు తెలుస్తుంది, అవి చేత్తో మార్చుకోండి.

ఛందస్సు గుర్తులకు:

^(కం|ఆ\.వె|తే\.గీ|సీ|ఉ|చ|శా|మ)\.

దీన్ని ‘ఫైండ్ ఆల్’ చేసి ఈసారి మూలపదం అనే క్యారెక్టర్ స్టైలు ఇవ్వండి. దొరికిన అక్షరాలకే బోల్డు వస్తుంది, పేరా అంతటికీ కాదు. శతకంలో సీసపద్యాలు ఉంటే పొడుగు పాదాలు మార్జిన్లో పట్టక విరుగుతాయి, వాటికి ‘సీసపాదం’ అని పద్యపాదం కింద ఒక పిల్ల స్టైలు చేసుకోవచ్చు. ఫాంటు పద్యపాదం స్టైలు నుంచే వస్తుంది, ఇండెంటు మాత్రం మీరు తగ్గించుకుంటారు.

నన్ను అడిగితే ఈ మొత్తంలో ఎక్కువ సమయం మిగిల్చేది ప్రతిపదార్థం దగ్గర. ‘ప్ర: కరి = ఏనుగు; హరి = సింహం; గిరి = కొండ’ అన్న తీరులో ఉందనుకోండి. సమానం గుర్తుకు ముందున్న మాటలే బోల్డు కావాలి. చేత్తో అయితే పద్యానికి పది పదిహేను సార్లు ఎంపిక చేసి నొక్కాలి. ఇలా వెతకండి:

[^;:=]+(?= =)

‘సెమికోలన్, రెండు చుక్కలు, సమానం కానివన్నీ తీసుకో, కానీ వాటి వెంటనే స్పేసూ సమానం గుర్తూ ఉంటేనే’ అని దీని అర్థం. చివరి బ్రాకెట్టులో ఉన్నది కేవలం తొంగి చూడటానికే, ఎంపికలోకి రాదు. అందుకే కరి, హరి, గిరి మాత్రమే వెలుగుతాయి. ‘ఫైండ్ ఆల్’, మూలపదం, అయిపోయింది. రచయిత కొన్నిచోట్ల సమానం బదులు అడ్డగీత వాడి ఉంటే, లేదా అర్థాల మధ్య సెమికోలన్ బదులు కామా పెట్టి ఉంటే ఇది తడబడుతుంది. ముందు వాటిని సరిచేయండి.

ఇక మీరు అడిగిన మ్యాక్రో. పై శుభ్రత పనులన్నీ ఒక్కసారికే అయితే మ్యాక్రో అక్కర్లేదు. కానీ అంతా అయ్యాక మామయ్యగారు ‘కొద్దిగా సవరించాను’ అంటూ పాత ఫైలు మీదే దిద్దిన కొత్త ప్రతి పంపిస్తారు. పంపించి తీరతారు, రచయితలందరూ పంపిస్తారు. ఆ రోజు కోసమే మ్యాక్రో. ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ అనే చోట మ్యాక్రో రికార్డింగుకు టిక్కు పెడితే టూల్స్ మెనూలో రికార్డు చేసే మీట వస్తుంది. రికార్డింగు మొదలుపెట్టి స్పేసులు, ఖాళీ పేరాలు, గుర్తుల మార్పులు వరుసగా చేసి ఆపేయండి. మై మ్యాక్రోస్‌లో దాచుకుంటే ఏ ఫైలు మీదైనా నడుస్తుంది. రికార్డరుకు పరిమితులున్నాయని ఆ టిక్కు పక్కన వాళ్లే రాశారు, కాబట్టి చిన్న నమూనా మీద ఒకసారి నడిపి చూసుకోండి. విసర్గ పనిని అందులో కలపకండి, కారణం పైన చెప్పాను.

వర్డ్ వాడేవారు ఎవరైనా ఇది చదువుతుంటే, స్టైళ్ల సంగతంతా అక్కడా ఇంతే. వెతకడంలో మాత్రం తేడాలున్నాయి. అక్కడ వైల్డ్‌కార్డ్స్ అంటారు. ‘ఇదో, అదో’ అనే నిలువు గీత వాటిలో లేదు, కాబట్టి ఛందస్సు గుర్తులను ఒక్కొక్కటిగా వెతకాలి. పేరా ముగింపుకు ^13 అని రాయాలి. ఒక సౌకర్యం కూడా ఉంది, రీప్లేస్ గడిలోనే స్టైలు ఎంచుకోవచ్చు, ‘ఫైండ్ ఆల్’ చేసి స్టైలు నొక్కే రెండో అడుగు తప్పుతుంది.

మీ ఫైలు ‘అను’ అనే పాతరకం తెలుగు ఫాంట్లలో టైపు చేసినది అయితే పై నమూనాలేవీ పనిచేయవు. తెరమీద తెలుగు కనిపించినా లోపల ఉన్నవి వేరే కోడ్లు. ముందు యూనికోడ్‌కు (ఏ ఫాంటులోనైనా ఒక అక్షరానికి ఒకే కోడు ఉండే పద్ధతి) మార్చుకోవాలి, మార్చాక వత్తుల దగ్గర ప్రూఫు చూడక తప్పదు.

ప్రెస్సువాళ్లు ఇన్‌డిజైన్‌లో పేజీలు కట్టేవారైతే పీడీఎఫ్ కాకుండా వర్డ్ ఫార్మాటులో దాచిన ఫైలు ఇవ్వండి. మీ స్టైళ్ల పేర్లు అలాగే అటు వెళతాయి, వాళ్లు తమ కొలతలు వాటికి తగిలించుకుంటారు. ఏదైనా మెట్టు దగ్గర ఆగిపోతే ఒక పద్యమూ దాని వ్యాఖ్యానమూ ఎలా టైపు చేసి ఉన్నాయో అలాగే ఇక్కడ పెట్టండి, స్పేసులు, ఎంటర్లు సరిచేయకుండా. నమూనా రాసిస్తాను.