చెట్లు తినేవాళ్ల కుర్చీ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. న్యూజెర్సీలో కొడుకు ఇంటికి వెళ్లిన తండ్రి, సాయంత్రం పెరట్లో పడక కుర్చీలో వాలి ఊరిని తలుచుకున్నాడని రాశావు. అక్కడే ఆగిపోయాను. పడక కుర్చీ అనగానే మా తాతగారి వసారా, ఆ వేలాడే గుడ్డ, కాళ్లు బారజాపుకునే పొడుగాటి చేతులు కళ్లముందుకొచ్చాయి. రెండు పేరాలు దాటాక గానీ నువ్వు చూపించేది వేరే కుర్చీ అని తెలియలేదు. వీపుకి చెక్క బద్దలు, కాఫీ కప్పు పెట్టుకునేంత వెడల్పు చేతులు. దాన్ని అడిరాండాక్ కుర్చీ అంటారు. నోరు తిరగదని వదిలేశావు కాబోలు.

ఒకసారి ఆ పేరు తవ్వి చూడు. అడిరాండాక్ అనేవి న్యూయార్క్ రాష్ట్రం ఉత్తరాన ఉన్న కొండలు. 1838లో ఎబెనీజర్ ఎమన్స్ అనే భూగర్భ శాస్త్రవేత్త వాటికి ఆ పేరు పెట్టాడు. మాట మూలం అక్కడి మూలవాసులైన మోహాక్ తెగవాళ్లదని చెబుతారు. చెట్లు తినేవాళ్లు అని అర్థం. పొరుగు తెగవాళ్లు చలికాలం తిండి దొరక్క చెట్ల బెరడు నములుతారని వెక్కిరింపు. ఒకరి ఆకలి మీద వేసిన ఎగతాళి తిరిగి తిరిగి, కడుపు నిండినవాళ్లు కాళ్లు చాపుకునే కుర్చీకి పేరైంది!

కుర్చీ పుట్టుకలోనూ ఓ కథ ఉంది. 1903లో అదే ప్రాంతంలో, వెస్ట్‌పోర్ట్ అనే ఊళ్లో థామస్ లీ తన వేసవి ఇంటి కోసం దీన్ని తయారుచేశాడు. ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టి, ఎవరికి ఎక్కడ ఒత్తుకుంటోందో అడిగి మరీ సరిచేశాడట. చలికాలం నాలుగు డబ్బులు కళ్లజూస్తాడని ఆ నమూనాని వడ్రంగి మిత్రుడు హ్యారీ బన్నెల్ చేతిలో పెట్టాడు. అతగాడు లీతో మాటమాత్రం అనకుండా పేటెంటుకి అర్జీ పెట్టి, 1905లో సంపాదించేశాడు. అప్పటి వీపు వెడల్పాటి పలకలే. సన్న బద్దలు, గుండ్రటి వీపు తర్వాతి సంగతి. 1938లో అలాంటిదానికి పేటెంటు పొందిన ఇర్వింగ్ వోల్పిన్‌ది న్యూజెర్సీయే, నీ కథ జరిగే చోటే.

ఇదంతా తీసుకెళ్లి కథలో కుమ్మరించావో, నేనే కొట్టేస్తాను. కొడుకు నోట అడిరాండాక్ అనిపించు. తండ్రి చెక్క కుర్చీ అనే అంటాడు, అననీ. రేపు కథని టొరంటోకి మార్చాలనిపిస్తే కొడుకు మాటా మార్చు, అక్కడ దాన్ని మస్కోకా కుర్చీ అంటారు.

ఇంకొకటి. ఆ కుర్చీ సీటు నేలకి దగ్గరగా, వెనక్కి వాలి ఉంటుంది. కూర్చోవడం సుఖమే, లేవడమే పెద్ద పని. మొదటి పేజీలో ఆయనకి మోకాళ్ల నొప్పులన్నావు. చివర్లో ఫోను మోగగానే ఒక్క ఉదుటున లేచాడన్నావు. ఆ సీను తిరగరాసి పంపు. ఆయనకి చెయ్యి అందించేది కొడుకో కోడలో చూడాలని ఉంది.