ఏటి నడుమ ఊరి కథ రాస్తున్న అమ్మాయికి

శ్రీకాకుళం

చిరంజీవి అమ్మాయికి,

నీ రాతప్రతి రెండుసార్లు చదివాను. మీ అమ్మమ్మగారి ఊరు వంశధార పాయల నడుమ దిబ్బ మీద ఉందని తెలియడానికి పదకొండో పేజీ దాకా పట్టింది. అంతవరకూ అశోకుడు, కళింగ యుద్ధం, గాంగులు. కాదనను, వాళ్లూ ఈ నేల మీద తిరిగినవాళ్లే. కానీ మీ ఊరికి రాజు కంటే పడవ ముఖ్యం. అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

రేవు వేలంపాట ఎవరు పాడేవారు? పడవవాడికి డబ్బులిచ్చేవారా, కళ్లాల రోజుల్లో ఇంటికిన్ని కుంచాల ధాన్యం కొలిచేవారా? వరదలో నొప్పులొస్తే ఎవరిని పిలిచేవారు? పీనుగును ఏ ఒడ్డుకు మోసేవారు? ఆ ఊరికి పిల్లనివ్వడానికి వెనకాడేవారా? ఎండాకాలం ఎవరి చెలమ ఎక్కడుండేది? ఈ ఆఖరిది అడిగి చూడు, ఏ కులం ఎక్కడ నిలబడేదో ఇసుకలో గీసి మరీ చూపిస్తారు.

నేను చేసిన తప్పొకటి చెబుతాను. నా మొదటి ఊరి చరిత్ర అంతా ఒక్క కరణం గారి అరుగు మీద కూర్చునే రాసుకున్నాను. అచ్చయ్యాక ఒక ముసలమ్మ మనవడిచేత చదివించుకుని, "ఊరంతా రాసినావు గదా బావూ, మా ఇళ్లేటి అగుపడ్డం నేదు?" అంది. ఏటిగట్టుకు మట్టి మోసింది వాళ్ల తాతలే. ఆ పుస్తకానికి రెండో ముద్రణ రాలేదు.

1907 నాటి విశాఖపట్నం గెజిటీరులో ఊరి ఊసే లేదని వాపోయావు. ఉండదమ్మా. శ్రీకాకుళం తాలూకా 1936లో ఒడిశా ఏర్పడేదాకా గంజాం జిల్లాలోది. తర్వాత విశాఖపట్నంలో కలిసింది, 1950 ఆగస్టు 15న మన జిల్లా పుట్టింది. 1882 నాటి మాల్ట్‌బీ గంజాం మాన్యువల్ వెతుకు. దొరల పుస్తకం గనక శిస్తుల లెక్క దొరుకుతుంది గాని, పడవవాడి పేరు ఆశించకు.

ముసలివాళ్లను ఏ సంవత్సరమని అడగకు. ఏరు ఏ గుమ్మం దాకా వచ్చింది, అప్పటికి నీకు పెళ్లయిందా, వంశధార మీద గొట్టా బ్యారేజీ కట్టారా అని అడుగు. జమీందారీ రద్దు చట్టం 1948ది, తిత్లీ తుపాను 2018 అక్టోబరుది. అలాంటి గుంజలు నాలుగు పాతుకుంటే మిగతావి వాటికి కట్టుకోవచ్చు.

ఇంకొకటి, కాస్త కోపంగానే రాస్తున్నాను. అమ్మమ్మ చోడంబలి అంటే నువ్వు రాగి జావ అని దిద్దావు. ఆవిడ ఎన్నడూ రాగి జావ తాగలేదు. శాలిహుండం బౌద్ధ శిథిలాలను 1919లో గుర్తించిన గిడుగు రామమూర్తి గారిని అంత పొగిడావే, ఆయన సవర గిరిజనుల మాట సవరల దగ్గరే నేర్చుకున్నారని మరిచిపోయావా?

ఫాల్గుణానికి ఏరు పలచబడుతుంది. అప్పుడు వెళ్లు. నడిచి దాటే చోటును వాళ్లేమని పిలుస్తారో, పాత పడవ ఎవరి దొడ్లో బోర్లించి ఉందో రాయి. అమ్మమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
మాస్టారు