నెలసరి పదిహేను రోజులైనా ఆగడం లేదు, ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. బ్యాంకులో క్యాషియర్‌ని. ఏడాదిగా ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లు వచ్చి జాకెట్టు తడిసిపోతోంది. రాత్రిళ్లు నిద్ర లేదు. క్యాష్ లెక్కలో రెండుసార్లు తప్పు వచ్చింది. నెలసరి రెండు నెలలకోసారి వస్తోంది, వస్తే పది పదిహేను రోజులు ఉంటోంది. మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుని ఆపుకుంటున్నాను. వీఆర్‌ఎస్ తీసుకుందామా అనిపిస్తోంది. జ్ఞాపకశక్తికి మంచి టానిక్ చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: టానిక్ సంగతి తర్వాత చూద్దామమ్మా. మీ ఉత్తరంలో నాకు భయం వేసింది ఆ మెడికల్ షాపు మాత్రల గురించి. పేరు రాయలేదు. సాధారణంగా ఇలా ఇచ్చేది నోర్‌ఎథిస్టెరాన్, అంటే హార్మోన్ మాత్ర. మేమూ రాస్తాం, కానీ పరీక్ష చేశాక రాస్తాం. వేసుకున్నంతకాలం బ్లీడింగ్ ఆగుతుంది, మానేసిన కొద్ది రోజులకు మళ్లీ మొదలవుతుంది. ఎందుకు అవుతోందన్నది మాత్రం అలాగే ఉండిపోతుంది. కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లకు, లివర్ జబ్బు ఉన్నవాళ్లకు ఆ మాత్రతో ప్రమాదం కూడా. కౌంటర్ మీద ఇవన్నీ ఎవరడుగుతారు?

మొన్న ఓపీకి మీ వయసే ఉన్న ఒక టీచరుగారు వచ్చారు. మొదటి అంతస్తు ఎక్కడానికి రెండుచోట్ల ఆగారట. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి మాత్రల స్ట్రిప్పు తీశారు, పేరున్న వైపు చింపేసి ఉంది. ఏడు నెలలుగా అవే. హిమోగ్లోబిన్ 6.8. ‘వయసు కదా, నీరసం మామూలే అనుకున్నాను మేడమ్’ అన్నారు. మనవాళ్లందరూ ఈ మాటే అంటారు, వినలేకపోతున్నాను.

ముట్లు ఆగిపోయే ముందు కొన్నేళ్లు నెలసరి క్రమం తప్పడం మామూలే. పదిహేను రోజులు బ్లీడింగ్ అవడం మాత్రం మామూలు కాదు. 45 దాటాక ఇలా అయితే ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో గడ్డలు), పాలిప్ (లోపలి పొర మీద పెరిగే చిన్న కండ), థైరాయిడ్, గర్భసంచి లోపలి పొర మందం కావడం వంటివి చూడాలి. అరుదుగా క్యాన్సర్ కూడా ఉండొచ్చు, అందుకే ఆలస్యం వద్దంటున్నాను. ముందు ప్రెగ్నెన్సీ టెస్టు (ఈ వయసులో ఏమిటి అనుకోకండి), తర్వాత రక్తపరీక్ష, థైరాయిడ్, స్కానింగ్. అవసరమైతే లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు.

ఇక మతిమరుపు. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనతే. దానికి నిద్రలేమి, హార్మోన్ల ఒడుదొడుకులు తోడైతే లెక్క తప్పకుండా ఎలా ఉంటుంది? చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, మీకు కావలసింది టానిక్ కాకపోవచ్చు. పైసాతో సహా లెక్క చూసే మీరు, మీ ఒంట్లోంచి ఎంత రక్తం పోతోందో చూసుకోలేదు.

ఆవిర్లకు మందులున్నాయి. హార్మోన్లు పడనివాళ్లకు, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు వేరే మాత్రలున్నాయి. అయితే బ్లీడింగ్ కారణం తేలాకే ఏదైనా. గర్భసంచి ఉన్నవాళ్లకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇవ్వకూడదు, కాబట్టి ఇది కూడా షాపులో అడిగి తెచ్చుకునే మందు కాదు.

ఎవరైనా ‘గర్భసంచి తీయించేసుకో, పీడ వదిలిపోతుంది’ అంటే వెంటనే ఒప్పుకోకండి. దేశంలో ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగేది మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే. చాలామందికి మందులతోనో, గర్భసంచిలో అమర్చే హార్మోన్ పరికరంతోనో సరిపోతుంది.

వీఆర్‌ఎస్ కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. రిపోర్టులు రానివ్వండి, చికిత్స కొన్ని నెలలు జరగనివ్వండి. ఈలోగా ఫ్యాన్ కింద సీటు, బ్లీడింగ్ ఎక్కువున్న రోజుల్లో క్యాష్ కాకుండా వేరే పని ఇమ్మని మేనేజర్‌ని అడగండి. అడగడానికి సిగ్గెందుకు? కౌంటర్లో ఆవిరి వస్తే నోట్ల కట్ట పక్కన పెట్టి, నీళ్లు తాగి, అది తగ్గాకే లెక్క మొదలుపెట్టండి. మామూలుగా కొన్ని నిమిషాలే ఉంటుంది.

గంటకో ప్యాడ్ చొప్పున వరుసగా రెండు మూడు గంటలు తడిసినా, కళ్లు తిరిగినా, ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. లేకపోతే ఈ వారంలో గైనకాలజిస్టును కలవండి. గత మూడు నెలల తేదీలు ఒక కాగితం మీద రాసుకుని, ఆ మాత్రల స్ట్రిప్పు పారేయకుండా వెంట తీసుకెళ్లండి.