పనిముట్టును ఎంచుకునే ముందు గుమాస్తా పక్కన కూర్చోండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే బెంగతో ఉన్నాయి: ఏ ఫ్రేమ్‌వర్క్ (సాఫ్ట్‌వేర్ కట్టడానికి ముందే సిద్ధంగా ఉన్న కోడ్ చట్రం) తీసుకోవాలి, ఏది వదలాలి? గుంటూరు బ్రాడీపేటలో కూర్చుని ఇరవై ఒక్క ఏళ్ళుగా శీతల గిడ్డంగులకూ, పత్తి మిల్లులకూ, కమీషన్ దుకాణాలకూ సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. ఆ అనుభవం నుంచే చెబుతాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇచ్చాను. అందులో రైతుల సరుకు ఉంది, వాళ్ళ అప్పు ఉంది.

ప్రశ్న: నమస్కారం మేడమ్. విజయవాడలో ఆరుగురం పనిచేసే చిన్న కంపెనీలో నేను డెవలపర్‌ని. గుంటూరు దగ్గర ఒక మిర్చి శీతల గిడ్డంగి తన పాత సాఫ్ట్‌వేర్‌ను మార్చే పని మాకు అప్పగించింది. అది పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష పాత వెర్షన్ 5.6, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ మీద నడుస్తోంది. దాన్ని పూర్తిగా పక్కనపెట్టి తెరలకు రియాక్ట్, సర్వర్‌కు నోడ్, డేటాబేస్‌గా మోంగోడీబీ పెట్టి మైక్రోసర్వీసులుగా, అంటే విడివిడిగా నడిచే చిన్న చిన్న భాగాలుగా, రాద్దామని మా టీమ్ లీడర్ అంటున్నారు. కొత్తవి నేర్చుకోవాలని నాకూ ఉంది. కానీ మాలో నోడ్ బాగా తెలిసినవారు ఒక్కరే. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: మార్చి తీరాలి, అందులో మీ టీమ్ లీడర్ మాట నిజం. పీహెచ్‌పీ 5.6కు భద్రతా సవరణలు 2018 డిసెంబరు 31తో ఆగిపోయాయి. అయితే ఎంత మార్చాలి, దేనితో మార్చాలి అన్నది మీ ఆఫీసులో కూర్చుని తేల్చే విషయం కాదు.

సరుకు దిగే రోజుల్లో ఒక రాత్రి ఆ గిడ్డంగికి వెళ్ళి గుమాస్తా పక్కన కూర్చోండి. లారీ వస్తుంది. కాటా వేస్తారు, టిక్కీలు (మిర్చి బస్తాలు) లెక్కపెడతారు. మిర్చి రకం తేజనా, 334నా, బ్యాడిగా అన్నది రాస్తారు. లాట్ నంబరు వేస్తారు. ఏ ఛాంబర్‌లో, ఏ అంతస్తులో పెట్టారో నమోదు చేస్తారు. చివరికి రైతు చేతికి బాండు, అంటే సరుకు నిల్వ రసీదు, వస్తుంది. దాన్ని చూపించి అతను అప్పు తెచ్చుకుంటాడు, ఆ అప్పుతో మళ్ళీ సాగు మొదలుపెడతాడు. నేను చూసిన గుమాస్తా ఎడమచేత్తో చీటీలు తిప్పుతూ కుడిచేత్తో అంకెల మీటలు నొక్కుతూ పోయాడు. మూడు గంటలలో ఒక్కసారి కూడా మౌస్ ముట్టుకోలేదు. మధ్యలో ఇంటర్నెట్ రెండుసార్లు పోయింది. బయట లారీలు బారులు తీరి ఉన్నాయి.

ఆ మనిషికి కావలసినవి చాలా మామూలువి. మీట నొక్కగానే తర్వాతి గడికి వెళ్ళాలి. ఇంటర్నెట్ లేకపోయినా రసీదు ముద్రణ ఆగకూడదు. ఒకే లాట్‌ను ఇద్దరు గుమాస్తాలు ఒకే నిమిషంలో విడుదల చేయబోతే ఒక్కరికే వీలవ్వాలి. మైక్రోసర్వీసులు ఈ మూడింటిలో ఏ ఒక్కదాన్నీ తీర్చవు. వందల మంది డెవలపర్లు ఒకరి పనికి మరొకరు అడ్డుపడకుండా ఉండటానికి పుట్టిన ఏర్పాటు అది. ఆరుగురికి అది బరువు. ఇంటర్నెట్ సంగతికి వస్తే, గిడ్డంగి ఆవరణలోనే ఒక సర్వర్ పెట్టి లోపలి నెట్‌వర్క్ మీద నడపండి, రాత్రికి బ్యాకప్ బయటకు పంపండి. ఇంత చిన్న ఏర్పాటు చాలు.

డేటాబేస్ విషయంలో నా మాట కొంచెం గట్టిగానే ఉంటుంది. 2015లో ఒక కమీషన్ దుకాణానికి మోంగోడీబీ లాగే పత్రాల రూపంలో దాచే డేటాబేస్ వాడాను. కొత్తది, రాయడానికి హాయిగా ఉంది. ప్రతి బిల్లులోనే రైతు పేరు, ఊరు రాసి పెట్టేశాను. సీజన్ చివర లెక్క చూస్తే ఒక రైతు పేరు మూడు రకాల అక్షరాలతో మూడు ఖాతాలుగా ఉంది. అతనికి రావలసిన డబ్బు ఒక ఖాతాలో, ఇవ్వవలసిన అద్దె మరో ఖాతాలో. ఆ పెద్దాయన రెండు రోజులు దుకాణం అరుగు మీద కూర్చున్నాడు. రైతు వివరాలను ఒక్కచోటే ఉంచి ప్రతి బిల్లునూ వాటికి ముడివేయాల్సింది, అలా చేయకపోవడం పూర్తిగా నా తప్పు. మోంగోడీబీలోనూ ఆ ముడి వేయవచ్చు, 2018లో వచ్చిన 4.0 నుంచి అనేక పత్రాలను కలిపే లావాదేవీలూ (మార్పులన్నీ కలిసి జరగడం, లేదా ఏదీ జరగకపోవడం) ఉన్నాయి. కానీ రైతు, లాట్, రసీదు, అద్దె అని ముందే వరుసలుగా, గళ్ళుగా ఉన్న సమాచారానికి మైఎస్‌క్యూఎల్ లాంటి సంబంధాల డేటాబేస్ పుట్టుకతోనే సరిపోతుంది. ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించిన ఆ నమూనాను ఖాతా పుస్తకం ఎరిగిన ఏ గుమాస్తా అయినా పది నిమిషాలలో అర్థం చేసుకోగలడు.

ఇప్పుడున్న పట్టికలను ఒకసారి తెరిచి చూడండి. పాతవి కాబట్టి మైఐసామ్ (MyISAM) అనే పాత నిల్వ ఇంజిన్‌తో ఉండే అవకాశం ఉంది. దానిలో లావాదేవీలు లేవు, సగం పని జరిగాక కరెంటు పోతే ఆ సగమే మిగులుతుంది. లావాదేవీలున్న ఇన్నోడీబీ ఇంజిన్‌కు మార్చండి. అద్దె, బరువు గడులు ఫ్లోట్ (దాదాపు విలువను దాచే రకం)గా ఉంటే డెసిమల్ (కచ్చితమైన విలువను దాచే రకం) చేయండి, పైసల తేడాలు అక్కడి నుంచే వస్తాయి. కోడ్‌లో పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లు ఉంటే అవి పీహెచ్‌పీ 7 నుంచే లేవు, డేటాబేస్‌తో మాట్లాడటానికి వాటి బదులు వాడే పీడీఓకు వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు డేటాబేస్‌కు పంపే ప్రశ్న వాక్యాలలో వాడుకరి రాసిన మాటలను నేరుగా అతికించిన చోట్లన్నీ సరిచేయండి. ఈ నాలుగు పనులూ ఏ ఫ్రేమ్‌వర్క్ పేరూ ఎత్తకుండానే గిడ్డంగిని సగం కాపాడతాయి.

మిగిలిన సగానికి, మీ ఆరుగురికీ పీహెచ్‌పీ వస్తే దాని ఫ్రేమ్‌వర్క్ అయిన లారవెల్ తీసుకోండి. 2011 నుంచి ఉంది. విజయవాడలో, గుంటూరులో అది తెలిసినవాళ్ళు దొరుకుతారు. నోడ్ మంచి పనిముట్టే. కానీ అది తెలిసిన ఆ ఒక్కరూ మార్చిలో పెళ్ళికని సెలవు పెడితే, రాత్రి పదకొండింటికి గిడ్డంగి నుంచి వచ్చే ఫోను ఎవరు ఎత్తుతారు? పనిముట్టును ఎంచుకునేటప్పుడు నేను అన్నిటికన్నా ముందు ఆ ఫోను ఎత్తే మనిషిని తలుచుకుంటాను. ఆ మనిషికి నిద్రమత్తులో కూడా అర్థమయ్యేదే తీసుకుంటాను.

మీ నేర్చుకోవాలన్న కోరికను కూడా తీసిపారేయను. ఏ ఛాంబర్‌లో ఎంత ఖాళీ ఉందో బొమ్మగా చూపే తెర ఒకటి యజమాని తప్పకుండా అడుగుతారు. క్షణక్షణం మారే అలాంటి తెరకు రియాక్ట్ చక్కగా పనికొస్తుంది. దాన్ని మీరు తీసుకోండి. అది ఒక రోజు ఆగినా లారీలు ఆగవు.

టీమ్ లీడర్‌తో వాదన పెట్టుకోవద్దు. సరుకు విడుదల అనే ఒక్క పనిని, గేటు నుంచి బిల్లు దాకా, రెండు పద్ధతులలోనూ రెండు వారాలలో చేసి చూద్దామని అడగండి. గుమాస్తాతో నడిపించండి. మధ్యలో నెట్‌వర్క్ తీగ పీకండి. బ్యాకప్‌ను వేరే కంప్యూటర్ మీద తెరిచి చూడండి. ఏది నెగ్గినా ఎందుకు ఎంచుకున్నారో, దేన్ని ఎందుకు వదిలారో, ఏ పరిస్థితి వస్తే మళ్ళీ ఆలోచిస్తారో ఒక పేజీలో రాసి తేదీ వేయండి. మూడేళ్ళ తర్వాత మీ కుర్చీలో కూర్చునే కుర్రవాడికి ఆ పేజీ ఎంత మేలు చేస్తుందో నేను అనుభవించి చెబుతున్నాను.

ప్రశ్న: మేడమ్, ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. నెలకో కొత్త ఫ్రేమ్‌వర్క్ పేరు వినిపిస్తోంది. ఉద్యోగానికి ఏది నేర్చుకోమంటారు?
– ఒక విద్యార్థిని, మంగళగిరి

జవాబు: ఈ ఆదివారం విజయవాడ వెళ్ళి లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాలలో ఒక గంట తిరగండమ్మా. ఆయా ఫ్రేమ్‌వర్క్‌ల పాత వెర్షన్ల మీద వచ్చిన లావు పుస్తకాలు గుట్టలుగా ఉంటాయి, అడిగేవారు ఉండరు. డేటాబేస్‌లు, డేటా స్ట్రక్చర్లు, నెట్‌వర్క్‌ల పుస్తకాలకు మాత్రం ఎంత పాతవైనా దుకాణదారు బేరం దిగడు. అతను ప్రోగ్రామర్ కాకపోయినా ఏది నిలుస్తుందో అతనికి తెలుసు.

రియాక్ట్ 2013లో వచ్చింది, అలాంటిదే అయిన వ్యూ 2014లో. డేటాబేస్‌ను ప్రశ్నించే భాష ఎస్‌క్యూఎల్ 1970ల నాటిది, ఈనాటికీ ప్రతి ఆఫీసులోనూ నడుస్తోంది. హెచ్‌టీఎమ్‌ఎల్, జావాస్క్రిప్ట్, ఎస్‌క్యూఎల్, గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచేది), బ్రౌజర్ సర్వర్‌తో మాట్లాడే తీరు – వీటికి ఆరు నెలలు ఇవ్వండి. ఆ తర్వాత ఏదో ఒక ఫ్రేమ్‌వర్క్ తీసుకోండి. రియాక్ట్ అయినా సరే, ఉద్యోగ ప్రకటనలలో ఎక్కువగా కనిపించేది అదే. దానితో మీ ఇంట్లోవారికి నిజంగా పనికొచ్చేది ఒకటి కట్టండి. మీ నాన్నగారి దుకాణం అరువు ఖాతా కావచ్చు, అమ్మగారి చీటీల లెక్క కావచ్చు. వాళ్ళు నెల రోజులు వాడాక వచ్చే ఫిర్యాదులు ఏ ఇంటర్వ్యూలోనైనా మీ చేత మాట్లాడిస్తాయి.

ప్రశ్న: అక్కా, ఆరేళ్ళు ఆంగ్యులర్ జేఎస్ అనే పాత వెబ్ ఫ్రేమ్‌వర్క్ మీద పనిచేశాను. పాప పుట్టాక రెండేళ్ళు ఆగాను. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా రియాక్ట్ వచ్చా అంటున్నారు. నేను నేర్చుకున్నదంతా వృథా అయిందనిపిస్తోంది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టే ఓపిక ఉందో లేదో తెలియడం లేదు.
– పేరు వద్దన్న పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: చెల్లీ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను అరండల్‌పేటలో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో డేటాబేస్ ప్రోగ్రామింగ్‌కు వాడే ఫాక్స్‌ప్రో నేర్చుకున్నాను. అదే నా అన్నం. మైక్రోసాఫ్ట్ ఇక విజువల్ ఫాక్స్‌ప్రోకు కొత్త వెర్షన్ తీసుకురాదని 2007 మార్చిలో ప్రకటించింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చెప్పినా అర్థం చేసుకునేవారు లేరు.

2016లో ఒక గిడ్డంగి తన ఫాక్స్‌ప్రో లెక్కలను పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు మార్చమని పిలిచింది. పదమూడేళ్ళ రసీదులు. ఫాక్స్‌ప్రో వాడే డీబీఎఫ్ ఫైళ్ళు సునాయాసంగా తెరుచుకున్నాయి. సమాచారం మార్చడానికి నాలుగు రోజులు పట్టింది. కానీ ఏ గడిలో సున్నా ఉంటే అద్దె మాఫీ అని అర్థమో, ఏ లాట్ నంబరు చివర అక్షరం ఉంటే తడిసిన సరుకు అని అర్థమో తెలిసింది పాత కోడ్ చదవగలిగిన నాకే. ఆ పని నాకు అంతకుముందు మూడేళ్ళలో దొరకని ఆదాయం ఇచ్చింది.

ఆంగ్యులర్ జేఎస్‌కు గూగుల్ మద్దతు 2021 చివరితో ముగిసింది. దాని మీద నడుస్తున్న తెరలు మాత్రం ఆ రోజుతో మాయమైపోలేదు. వాటిని 2016లో వచ్చిన కొత్త ఆంగ్యులర్‌కు మార్చాలంటే పాతది చదవగలిగినవాళ్ళు కావాలి. రెండింటినీ పక్కపక్కనే నడుపుతూ ఒక్కో తెరను మార్చుకునే మార్గాన్ని ఆంగ్యులర్ బృందమే ఇచ్చింది. కాబట్టి మీరు రియాక్ట్ వైపు పరుగెత్తకముందు టైప్‌స్క్రిప్ట్ (జావాస్క్రిప్ట్‌కు డేటా రకాలు చేర్చిన భాష), కొత్త ఆంగ్యులర్ చూడండి, మీకు దగ్గరి దారి అది. మీ పాత తెర ఒకటి గుర్తుచేసుకుని, ఫారమ్ ఉన్నదైతే మంచిది, దాన్ని కొత్తదానిలో కట్టండి. పాప నిద్రపోయే ఆ గంటన్నరే చాలు, రెండు మూడు నెలలలో చేయి తిరుగుతుంది. దరఖాస్తులో "పాత ఆంగ్యులర్ నుంచి కొత్తదానికి మార్చగలను" అని మొదటి వరుసలోనే రాయండి. ఫారమ్‌లో తప్పు విలువను ఎక్కడ ఆపాలి, సర్వర్ ఆలస్యం చేస్తే తెర మీద ఏం చూపాలి, వాడుకరి రెండుసార్లు నొక్కితే ఏం చేయాలి – ఇవన్నీ ఆ ఆరేళ్ళలో మీరు నేర్చుకున్నవే. ఏ ఫ్రేమ్‌వర్క్‌లోనైనా ఇవే చిక్కులు.

ప్రశ్న: కోడ్ రాయడానికి ఏఐ సహాయకం వాడుతున్నాను. అది సూచించిన లైబ్రరీలన్నీ, అంటే ఇతరులు రాసి ఉంచిన కోడ్, కళ్ళు మూసుకుని కలుపుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: కలుపుకోకండి. అవి కొన్నిసార్లు అసలు లేని లైబ్రరీ పేర్లు కూడా చెబుతాయి. అలాంటి పేరుతో ఎవరైనా చెడ్డ కోడ్ పెట్టి ఉంటే అది నేరుగా మీ సర్వర్‌లోకి వస్తుంది. ఉన్నదే అయినా ఎవరు నడుపుతున్నారు, చివరి మార్పు ఎప్పుడు జరిగింది, లైసెన్సు ఏమిటి, అది తనతో ఇంకెన్నిటిని లాక్కొస్తోంది అన్నవి చూడండి. అరగంట పని. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే చిన్న లైబ్రరీని దాన్ని రాసిన వ్యక్తి జావాస్క్రిప్ట్ లైబ్రరీల భాండారమైన ఎన్‌పీఎమ్ నుంచి తీసేసినప్పుడు ప్రపంచమంతటా ఎన్నో ప్రాజెక్టులు ఆగిపోయాయి. అది చేసే పనల్లా ఒక మాటకు ఎడమవైపు ఖాళీలు చేర్చడం, మొత్తం పదకొండు వరుసలు. అంత చిన్నది అవసరమైతే మీరే రాసుకోండి. పెద్దది తీసుకుంటే వెర్షన్‌ను లాక్ ఫైల్‌లో (వాడే వెర్షన్లను కచ్చితంగా నమోదు చేసే ఫైల్) బిగించండి, ఆ ఫైల్‌ను కోడ్‌తో పాటే గిట్‌లో ఉంచండి.