బ్యారెల్ మార్చే ముందు ఏం చూడాలి? ఎయిర్ రైఫిల్ ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది. గాలి సిలిండర్ ఉన్న రైఫిల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. మొన్నటి దాకా పెల్లెట్లన్నీ (చిన్న సీసపు గుళ్లు) ఒకేచోట పడేవి, ఇప్పుడు చెదిరిపోతున్నాయి. బ్యారెల్ అరిగిపోయింది, మార్చేయమంటున్నారు. నిజమేనా? (ఒక తండ్రి, విజయనగరం)

జవాబు: అప్పుడే డబ్బు పెట్టకండి. సెకనుకు 170, 175 మీటర్ల వేగంతో పోయే మెత్తటి సీసం ఉక్కు బ్యారెల్‌ని అంత తొందరగా అరగదీయలేదు. తప్పు ఎక్కువగా స్క్రూల్లోనో, రబ్బరు రింగులోనో, పెల్లెట్ల డబ్బాలోనో ఉంటుంది. రైఫిల్ ఖాళీగా ఉందో లేదో చూసుకుని, సిలిండర్ విప్పి పక్కన పెట్టాకే మొదలుపెట్టండి.

ముందు స్టాక్ (రైఫిల్‌ని పట్టుకునే, భుజానికి ఆనించే మొండెం) స్క్రూలు. వీటిని చేతి అంచనాతో కాకుండా టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా), మాన్యువల్లో ఇచ్చిన అంకెకే బిగించాలి. ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి పోకుండా, రెండింటినీ కొంచెం కొంచెంగా మార్చి మార్చి తిప్పండి. తర్వాత స్క్రూ తల మీద నుంచి స్టాక్ మీదికి పెయింటుతో సన్నని గీత గీస్తే, వారం తర్వాత అది విరిగినట్టు కనబడితే స్క్రూ కదిలిందని తెలిసిపోతుంది. సైట్ల (గురి చూసే భాగాల) స్క్రూలూ, బ్యారెల్ మీది బరువులూ కూడా చూడండి. బ్యారెల్‌ని పట్టి ఉంచే స్క్రూల జోలికి మాత్రం వెళ్లకండి. ఒక పక్క ఎక్కువ బిగిస్తే బ్యారెల్ అటే ఒరుగుతుంది, గురి మొత్తం జరిగిపోతుంది.

బ్యారెల్ చివర బిగించిన గొట్టంలోకి టార్చి వేసి చూడండి. పెల్లెట్ బయటికొచ్చే కన్నం చుట్టూ బూడిదరంగు మసి సమంగా ఉంటే మంచిదే. ఒకవైపే సీసపు గీత మెరుస్తుంటే పెల్లెట్ అక్కడ రాసుకుంటోందన్నమాట. ఆ గొట్టం విప్పి, మరలు తుడిచి, నిటారుగా మళ్లీ ఎక్కించాలి.

తర్వాత సిలిండర్ మళ్లీ బిగించి, పెల్లెట్ పెట్టేచోట గాలి లీకవుతోందేమో చూడాలి. సన్నని టిష్యూ పేపరు ముక్కని ఆ సందు మీద ఆనించి, రైఫిల్‌ని టార్గెట్ వైపే పెట్టి ఒక షాట్ కొట్టండి. కాగితం ఎగిరితే లోపలి ఓ-రింగు (గాలి ఆపే రబ్బరు రింగు) పోయింది. ఇది చవక భాగం. కంపెనీ చెప్పిన సైజే వేయాలి.

ఇవన్నీ బాగున్నాక పెల్లెట్లు. పెల్లెట్ తల వ్యాసం 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్లున్న వేర్వేరు డబ్బాలు తెచ్చుకోండి. రైఫిల్‌ని బ్యారెల్ దగ్గర కాకుండా బాడీ దగ్గర క్లాంపులో పట్టించి, మొదటి నాలుగైదు షాట్లు లెక్కలోకి తీసుకోకుండా, ఒక్కో డబ్బాతో 10 షాట్లు కొట్టండి. ఆ షాట్లన్నీ కలిసి చేసిన కన్నం బయటి అంచు నుంచి అంచుకు వెర్నియర్‌తో (సన్నని కొలతలు తీసే స్కేలు) కొలిచి, అందులోంచి పెల్లెట్ వ్యాసం 4.5 తీసేయండి. దశాంశ స్కోరింగులో సరిగ్గా నడిమిన పడితే 10.9, అక్కడి నుంచి ప్రతి పావు మిల్లీమీటరుకీ ఒక దశాంశం పోతుంది. బయటి కొలత 8 మిల్లీమీటర్లు వస్తే కేంద్రాల మధ్య 3.5, అంటే నడిమి నుంచి 1.75. అమ్మాయి గురి పక్కాగా ఉన్నా అంచున పడ్డ షాట్ 10.3 దగ్గరే ఆగుతుంది. కుదిరిన డబ్బా దొరికితే దాని మీది బ్యాచ్ నంబరు రాసుకుని, అదే నంబరువి ఎక్కువ కొనుక్కోండి. క్లాంపులో బాగా పడి భుజం మీద చెదురుతుంటే అది రైఫిల్ తప్పు కాదు. ఎదిగే పిల్లకి బట్‌ప్లేటు (భుజానికి ఆనే పలక) పొడవు మార్చాల్సి ఉంటుంది.

ఇన్ని చేశాక కూడా ఏ పెల్లెట్టూ కుదరకపోతేనే బ్యారెల్ మాట. అది కంపెనీ సర్వీసు వాళ్ల పని.

ప్రశ్న: మాది సముద్రం పక్క ఊరు. చేతిపంపుతో గాలి నింపడం కష్టంగా ఉంది. వెల్డింగ్ షాపు ఆక్సిజన్ వాడొచ్చా? (కళింగపట్నం)

జవాబు: ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కి గ్రీజో నూనో తగిలితే మండుకుంటుంది, సిలిండర్ పేలుతుంది. మామూలు గాలే, అదీ పొడి గాలే నింపాలి. మీ తీరం గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పంపుకి తేమ పీల్చే ఫిల్టరు తప్పనిసరి. మధ్యమధ్య ఆపి బ్లీడ్ స్క్రూ (పంపులోని గాలి వదిలే స్క్రూ) విప్పి నీటిచుక్కలు వదిలేయండి. నెమ్మదిగా కొట్టండి, సిలిండర్ మీద రాసిన పీడనం దాటొద్దు. ఎక్కువ మ్యాచ్ రైఫిళ్లకి అది 200 బార్. తయారీ తేదీ కూడా చూడండి. చాలా కంపెనీలు సిలిండర్‌కి 10 ఏళ్లే గడువు ఇస్తాయి. వానాకాలంలో రైఫిల్‌ని స్పాంజి పెట్టెలో మూసి ఉంచకండి, తేమంతా ఆ స్పాంజిలోనే నిలుస్తుంది.

ప్రశ్న: బ్యారెల్ లోపల ఎలా శుభ్రం చేయాలి? ఇత్తడి బ్రష్షు వాడుతున్నాను. (రాజాం)

జవాబు: బ్రష్షు మానేయండి. ఫెల్ట్ ముక్కలు చాలు. పెల్లెట్ పోయే దిక్కునే, వెనక నుంచి ముందుకి తోయాలి. మొదటిదానికి ఒక చుక్క క్లీనింగ్ ఆయిల్, తర్వాతవన్నీ పొడిగా, తెల్లగా వచ్చేదాకా. శుభ్రం చేశాక మొదటి ఐదారు షాట్లు పక్కకి పడటం మామూలే, వాటిని చూసి సైటు తిప్పకండి. బ్యారెల్ మడిచే స్ప్రింగు రైఫిల్ అయితే నూనె గాలి గదిలోకి చేరకూడదు. చేరితే ఆ నూనె లోపలే మండి పొగ వస్తుంది, వేగం షాట్‌కి షాట్‌కి మారిపోతుంది. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, అది సీసం.

ప్రశ్న: లైసెన్సు ఉన్న .22 రైఫిల్‌కి (గాలిది కాదు, తూటాలది) లేత్ షాపులో కొత్త బ్యారెల్ ఎక్కించవచ్చా? (బొబ్బిలి)

జవాబు: కుదరదు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకుల తయారీకీ మరమ్మతుకీ వేరే లైసెన్సు కావాలి. మీ దగ్గరున్నది ఉంచుకోవడానికి ఇచ్చిన లైసెన్సు, దానితో ఈ పని చేయించలేరు. లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గరికే తీసుకెళ్లండి.