సివిల్ చదువుతూ గ్రీన్ బిల్డింగ్ వైపు వెళ్లొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో బీటెక్ సివిల్ మూడో ఏడాది చదువుతోంది. భవనాల్లో కరెంటు ఆదా, గాలి వెలుతురు నిబంధనల మీద పనిచేయాలని ఉందట. ఆ నిబంధనల పుస్తకం, అంటే కోడ్, తెరిస్తే మాత్రం ఏమీ అర్థం కావట్లేదని టెన్షన్ పడుతోంది. ఈ దారిలో ఉద్యోగాలుంటాయా? - ఒక తండ్రి

జవాబు: ఉంటాయండీ. గ్రీన్ బిల్డింగ్ కన్సల్టెన్సీలు, ఏసీ డిజైన్ సంస్థలు, పెద్ద బిల్డర్లు ఇలాంటివాళ్లను తీసుకుంటారు. సర్టిఫికెట్లున్నవాళ్లు బోలెడంతమంది దొరుకుతారు. ప్లాన్ చేతికిస్తే కోడ్ ప్రకారం ఉందో లేదో లెక్కగట్టి చెప్పేవాళ్లే తక్కువ. అమ్మాయి ఆ పని నేర్చుకోవాలి.

తను బహుశా ఈసీబీసీ (ఎనర్జీ కన్జర్వేషన్ బిల్డింగ్ కోడ్) తెరిచి ఉంటుంది. అది 100 కిలోవాట్లు, ఆపైన లోడ్ ఉండే ఆఫీసులు, ఆసుపత్రులు, మాల్స్ లాంటివాటికి. 2007లో వచ్చి 2017లో మారింది. దానితో మొదలుపెడితే ఎవరికైనా తల తిరుగుతుంది. ఇళ్ల కోసం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ముందు చదవమనండి. చిన్నది, మీ ఇంటి మీదే సరిచూసుకోవచ్చు.

టేపు తీసుకుని కిటికీలు కొలవమనండి. విజయవాడలాంటి ఉక్కపోత ఊళ్లలో ఇంటి కార్పెట్ ఏరియాలో కనీసం 16.66 శాతం, అంటే ఆరో వంతు, విస్తీర్ణం మేర కిటికీల్లాంటివి బయటికి తెరుచుకునేలా ఉండాలి. 900 చదరపు అడుగుల ఫ్లాటుకు 150. హైదరాబాద్ కాంపోజిట్ జోన్ (మిశ్రమ వాతావరణం) కాబట్టి అక్కడ 12.5 శాతం చాలు. ఉక్కలో ఒంటికి గాలి తగిలితేనే చెమట ఆరుతుంది, అందుకే ఈ తేడా. అసలు కిటుకు ఏమిటంటే, కిటికీ మొత్తం లెక్కలోకి రాదు. నాలుగు బై నాలుగు కిటికీ 16 చదరపు అడుగులు కదా, రెండు పలకల స్లైడింగ్ అయితే సగమే, 8. రెక్కల కిటికీ అయితే 90 శాతం, 14కి పైనే. కొత్త అపార్ట్‌మెంట్లలో ఎక్కడ చూసినా స్లైడింగే! ఈ లెక్క స్వయంగా వేసిన పిల్లకు కోడ్ ఎందుకు పుట్టిందో ఎవరూ చెప్పక్కర్లేదు.

తర్వాత ఆర్‌ఈటీవీ, అంటే గోడలు, కిటికీల గుండా ఇంట్లోకి వచ్చే వేడి లెక్క. అది చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదు. గోడ ఇటుకదా తేలికపాటి కాంక్రీటు (ఏఏసీ) బ్లాకుదా, అద్దం ఎలాంటిది, సజ్జా ఎంత, ముఖం ఏ దిక్కు, అన్నీ కావాలి. పైకప్పుకు వేరే పరిమితి ఉంది. ఎక్సెల్ షీటు తనే తయారు చేసుకోవాలి, ఎవరిదో కాపీ కొట్టొద్దు.

కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ పెట్టే ఎనర్జీ ఆడిటర్ పరీక్షకు ఇంజనీరింగ్ తర్వాత మూడేళ్ల అనుభవం కావాలి కాబట్టి ఇప్పుడు తొందరపడకండి. ఎంటెక్ ఆలోచన ఉంటే అహ్మదాబాద్ సెప్ట్ యూనివర్సిటీలో బిల్డింగ్ ఎనర్జీ పర్ఫార్మెన్స్ కోర్సు చూడండి. ఈ సెలవుల్లో మాత్రం మీ ఇంటి లెక్కను నాలుగు పేజీల్లో రాసి, దాన్నే జతచేసి ఇంటర్న్‌షిప్‌కు అప్లై చేయమనండి.