చాసర్ పాదంలో ఒక అక్షరం ఎందుకు తగ్గుతోంది?

14వ శతాబ్దపు ఆంగ్ల కవి చాసర్ ‘కాంటర్‌బరీ కథల’ ప్రస్తావనలో రెండో పాదానికి పది అక్షరాలు రావాల్సింది, తొమ్మిదే వస్తున్నాయన్నారు. మీ లెక్క సరైనదేనండి, ఉచ్చారణే నేటిది. ‘ద డ్రౌట్ ఆఫ్ మార్చ్ హాత్ పియర్స్‌డ్ టు ద రూట్’ అని చదివితే అంతే వస్తాయి.

ఇలా చదవండి: ద / ద్రూఖ్ట్ / ఓవ్ / మార్చ్ / హాథ్ / పెర్ / సెడ్ / టో / ద / రో / టె. పదకొండు. చివరి ‘టె’ పలకాలి, లెక్కలో వేయకూడదు, మిగిలినవి పది.

చాసర్ ఇంగ్లీషులో పదాంతంలోని ‘ఎ’ తర్వాత హల్లు వస్తే సాధారణంగా పలుకుతుంది. అచ్చు వచ్చినా, ‘హిస్’, ‘హాథ్’ వంటి బలహీన హకారం వచ్చినా లోపిస్తుంది. ‘ద్రూఖ్టె’ పక్కన ‘ఓవ్’ ఉంది కాబట్టే ఇక్కడ లోపించింది. మన ఉత్వసంధి తెలిసిన చెవికి ఇది కష్టం కాదు. బహువచనపు ‘ఎస్’, భూతకాలపు ‘ఎడ్’ ఎక్కువగా విడి అక్షరాలే. ‘ఊరె’ (మన), ‘హిరె’ (ఆమె) లాంటి సర్వనామాల్లో మాత్రం తరచూ చివరి ‘ఎ’ పలకదు.

ఈ ‘ఎ’ 15వ శతాబ్దంలో వాడుకలోంచి పోయింది. అందుకే 1700లో ఆంగ్ల కవి డ్రైడెన్ అంతటివాడు కూడా చాసర్ పాదాలు కుంటుతున్నాయనుకున్నాడు. 1775లో పండితుడు టిర్విట్ పరిష్కరించిన ప్రచురణతో లెక్క కుదిరింది. ఆధునిక వర్ణక్రమంలో అచ్చువేసిన ప్రతితో గణవిభజన చేయకండి, ఆ ‘ఎ’లే అందులో ఉండవు.